పన్నెండో తేదీ సెలవా, కాదా?

సంపాదకులకు నమస్కారం.

మీ పత్రికలో ఇటీవల క్యాలెండర్ యాప్‌ల గురించి వచ్చిన వ్యాసం చదివాను. గుర్తుపెట్టుకోవలసినవన్నీ ఫోనుకు అప్పగించి తలబరువు దించుకోమన్నారు రచయిత. మంచి మాటే, నేనూ ఎప్పుడో అప్పగించాను. అయితే ఆ వ్యాసంలో ఒక చిన్న గడి ఊసు లేకపోవడం చూసి ఈ ఉత్తరం రాయడానికి కూర్చున్నాను. కొత్తగా ఏదైనా నమోదు చేసేటప్పుడు తెర మీద కనిపించే ‘రోజంతా’ అనే గడి అది. అక్కడ టిక్కు పెట్టగానే గంటలూ నిమిషాలూ మాయమై తేదీలు మాత్రం మిగులుతాయి. చూడటానికి అంత అమాయకమైన గడి ఆ తెర మీద ఇంకొకటి ఉండదు. పందొమ్మిదేళ్లుగా ఒక ఆఫీసులో సెలవుల లెక్క చూస్తున్నదాన్ని. క్యాలెండర్‌తో నేను పడ్డ మాటలన్నీ ఆ గడి పుణ్యమే.

నేను చేరిన కొత్తలో సెలవులకు అట్ట కట్టిన పెద్ద పుస్తకం ఉండేది. మనిషికొక పేజీ. తరువాత సెలవులు నమోదు చేసే సాఫ్ట్‌వేర్ వచ్చింది. ఆ పైన, ఎవరు ఎప్పుడు ఉంటారో అందరూ చూసుకోవడానికి ఉమ్మడి క్యాలెండర్ వచ్చింది. మొదటి దానిలోంచి సెలవుల జాబితాను ఫైలుగా తీసి రెండో దానిలోకి ఎక్కించడం వారానికొకసారి నేను చేసే పని.

2025 జూన్‌లో మా సహోద్యోగి ఒకరు కంటి ఆపరేషన్ కోసం 10 నుంచి 12 వరకు సెలవు పెట్టారు. మంగళ, బుధ, గురువారాలు. నేను ఎప్పటిలాగే ఫైలు ఎక్కించాను. ఉమ్మడి క్యాలెండర్‌లో ఆయన పేరున్న నీలం పట్టీ మంగళవారం మొదలై బుధవారంతో ఆగిపోయింది. గురువారం గడి తెల్లగా ఉంది. తెల్లగా ఉన్న గడిని చూస్తే మా పై అధికారికి చెయ్యి ఊరుకోదు. పదకొండు గంటలకు మీటింగు పెట్టారు. మనిషి రాకపోయేసరికి ఫోను మీద ఫోను, మొత్తం నాలుగుసార్లు. కంటికి కట్టుతో పడుకున్న ఆయన ఎత్తలేదు. నాలుగోసారి ఎత్తింది వాళ్ల ఆవిడ. ఆమె అన్న మాటలు అధికారి గదిలో ఎంతోసేపు నిలవలేదు, నడుచుకుంటూ నా బల్ల దగ్గరకు వచ్చేశాయి.

వెంటనే సెలవుల సాఫ్ట్‌వేర్ తెరిచి చూశాను. అందులో 12 నిక్షేపంగా ఉంది. క్యాలెండర్‌లో లేదు. దారిలో ఎక్కడో జారిపోయింది.

మా అన్నయ్య కొడుకు సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగంలో ఉన్నాడు. ఆదివారం వచ్చినప్పుడు సంగతి చెబితే, “అత్తా, ఆ ఫైలు ఒకసారి చూపించు” అన్నాడు. లోపల నాకు అంతుబట్టని యంత్రభాష ఏదో ఉంటుందనుకున్నాను. తీరా తెరిస్తే మామూలు అక్షరాలు, అంకెలే. ఒక వరుసలో మొదలు, 20250610. దాని కింది వరుసలో ముగింపు, 20250612.

“సరిగానే ఉంది కదా, పది నుంచి పన్నెండు” అన్నాను.

“తప్పంతా అక్కడే ఉంది. ముగింపు అంటే సెలవున్న ఆఖరి రోజు అనుకుంటున్నావు. క్యాలెండర్ దాన్ని సెలవు లేని మొదటి రోజు అనుకుంటుంది. అక్కడ 13 ఉండాలి.”

నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మూడు రోజుల సెలవుకు నాలుగో రోజు తేదీ రాయాలట! కావాలంటే చదువుకోమని ఐక్యాలెండర్ అనే ప్రమాణ పత్రాన్ని తెరిచిపెట్టి వెళ్లాడు. ఒక కంపెనీ క్యాలెండర్ నుంచి ఇంకో కంపెనీ క్యాలెండర్‌కు నమోదులు వెళ్లాలంటే అందరూ పాటించే ప్రమాణం అదే. మొదట 1998లో వచ్చింది. దాన్ని సవరించి 2009లో, ఇంటర్నెట్ ప్రమాణ పత్రాల వరుసలో ఆర్‌ఎఫ్‌సీ 5545 అనే సంఖ్యతో ప్రచురించారు. అందులో ఉదాహరణగా మాంట్రియల్ జాజ్ సంగీతోత్సవాన్ని తీసుకున్నారు. 2007 జూన్ 28 నుంచి జులై 8 వరకు, రెండు తేదీలూ కలుపుకొని, పండుగ. ముగింపు దగ్గర మాత్రం జులై 9 అని రాశారు. ముగింపు తేదీ లెక్కలోకి రాదు కాబట్టి ఇలా రాశామని పక్కనే వివరణ కూడా ఇచ్చారు. అంటే జనం ఇక్కడ బోర్లా పడతారని రాసినవాళ్లకు ముందే తెలుసన్నమాట. మా సెలవుల సాఫ్ట్‌వేర్ తయారుచేసినవాళ్లు ఆ ఒక్క వాక్యం చదివి ఉంటే నాకు ఆ గురువారం ప్రశాంతంగా గడిచేది.

నిదానంగా ఆలోచిస్తే ఆ పద్ధతిలోనూ న్యాయం కనిపించింది. పది నుంచి పదకొండు గంటల వరకు ఒక మీటింగు ఉంటే, పదకొండుకు గది ఖాళీ అయినట్టే. తరువాతివాళ్లు సరిగ్గా పదకొండుకే మొదలుపెట్టుకోవచ్చు. తేదీలకూ అదే సూత్రం పట్టించారు. 13లోంచి 10 తీసేస్తే మూడు, సెలవులూ మూడే. కలుపుకోవలసిన ఒకటి ఉండదు. లెక్కకు సుఖంగానే ఉంది. కానీ లెక్క లోపల ఎలా చేసుకుంటే మనకేమిటి, మనిషికి చూపించేటప్పుడు 12 అనే చూపించాలి, మనిషి 12 అని చెబితే లోపల 13 అని రాసుకోవాలి. మంచి క్యాలెండర్లు ఈ పని చప్పుడు చేయకుండా చేస్తాయి. ఒకదాని ఫైలు ఇంకొకటి చదివేటప్పుడే, ఒకరు కలిపిన రోజును ఇంకొకరు కలపక, లేదా ఇద్దరూ కలిపి, ఇలాంటి గల్లంతులు పుడతాయి.

ఆ ‘ఇద్దరూ కలపడం’ మాకు ఇంకో రూపంలో జరిగింది. కారణం తెలియనప్పుడు నేను క్యాలెండర్‌లో ముప్పై ఏడు సెలవులను చేత్తో ఒక్కో రోజు పొడిగించి ఉన్నాను. తరువాత సాఫ్ట్‌వేర్‌వాళ్లు తమ తప్పు దిద్దుకుని ఫైలు మళ్లీ పంపారు. ఎక్కించాను. నేను పొడిగించినవి నమోదులో అలాగే ఉండిపోయి, కొత్తవి పక్కన చేరాయి. ఒకే మనిషికి ఒకే సెలవు రెండు పట్టీలుగా, ఒకదాని పక్కన ఒకటి. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే. రెండు సాయంత్రాలు కూర్చుని ఒక్కొక్కటే తుడిచాను.

నిజానికి ఈ తగవు కంప్యూటర్‌తో పుట్టింది కాదు. మన ‘వరకు’లోనే ఉంది. ‘పన్నెండో తేదీ వరకు సెలవు’ అని చీటీ రాసిన మనిషి పన్నెండున వస్తాడా, రాడా? నన్ను అడిగితే రాడు. కానీ ‘పన్నెండు వరకు ఆగండి, చెబుతాను’ అన్న మనిషి పన్నెండునే చెప్పాలి కదా! పాత రిజిస్టర్లలో గుమాస్తాలు ‘ఇరు దినములు కలుపుకొని’ అని రాసేవారు. అది గ్రాంథికమని, కాలం చెల్లిందని ఎప్పుడో మానేశాం. మానకుండా ఉండవలసింది.

ఇంతవరకు ఒక రోజు పోవడం గురించి రాశాను. ఒక రోజు రెండు రోజులుగా చీలిపోవడం ఇంకా వింత.

మా తమ్ముడు ఉండే దేశం మాకంటే పదిన్నర గంటలు వెనక. మరదలి పుట్టినరోజును నేను నా క్యాలెండర్‌లో ‘రోజంతా’ అని టిక్కు పెట్టి రాసుకుని, వాడికీ కనిపించేలా పంచాను. నా దగ్గర ఒక్క రోజు మీదే ఉన్న పట్టీ వాడి దగ్గర రెండు రోజుల మీద వాలింది. వాడు మొదటి రోజు చూసి, భార్యకు ఆ పొద్దునే శుభాకాంక్షలు చెప్పాడు. ముప్పై ఏళ్ల కాపురం తరువాత కూడా భార్య పుట్టినరోజుకు క్యాలెండర్ మీద ఆధారపడే మగవాడి మీద నాకు జాలి లేదు. కానీ, “అక్కా, తప్పు నువ్వు పంపిన దాంట్లో ఉంది” అన్నాడు చూడండి, ఆ మాట అబద్ధం కాకపోవడమే నన్ను బాధించింది.

జరిగింది ఇది. ఆ క్యాలెండర్ నా ‘రోజంతా’ను తేదీగా దాచుకోలేదు. నా అర్ధరాత్రి నుంచి మళ్లీ నా అర్ధరాత్రి దాకా ఉన్న ఇరవై నాలుగు గంటల మీటింగులా దాచుకుంది. నా అర్ధరాత్రి వాడికి ముందురోజు మధ్యాహ్నం ఒకటిన్నర. కాబట్టి వాడి తెర మీద పుట్టినరోజు ఒక మధ్యాహ్నం ఒకటిన్నరకు మొదలై మర్నాటి మధ్యాహ్నం ఒకటిన్నరకు ముగిసింది. మనిషి పుట్టినరోజుకు ఎక్కడైనా ఇలా మధ్యాహ్నాల లెక్క ఉంటుందా?

గంటలతో పని లేకుండా ఒట్టి తేదీని రాసుకునే వీలు ఆ ప్రమాణంలో 1998 నుంచే ఉంది. పైన చెప్పిన ఎనిమిది అంకెలు అవే. పక్కన గడియారమూ ఉండదు, ప్రాంతమూ ఉండదు. ఏ దేశంలో తెరిచినా జూన్ 10 జూన్ 10గానే ఉంటుంది. అయినా తేదీ అంటే అర్ధరాత్రే అనుకునే అలవాటు పోలేదు. మేనల్లుడు తన తప్పు కూడా ఒప్పుకున్నాడు. వెబ్ పేజీలు ఎక్కువగా వాడే జావాస్క్రిప్ట్ భాషలో 2025-06-10 అని ఒట్టి తేదీ ఇస్తే, అది దాన్ని, అన్ని దేశాల గడియారాలకూ ఆధారమైన అంతర్జాతీయ ప్రమాణ కాలంలో ఆ రోజు అర్ధరాత్రిగా తీసుకుంటుంది. ఆ కాలానికి వెనక ఉన్న అమెరికాలాంటి చోట అదే స్థానిక కాలంలో చూపిస్తే 9వ తేదీ అవుతుంది. రాసినవాడి కంప్యూటర్ ఆ కాలానికి ముందున్న ప్రాంతంలో ఉంటే వాడికి తప్పు కనిపించనే కనిపించదు. “నా దగ్గర బాగానే పనిచేస్తోంది” అంటాడు, నిజమే చెబుతాడు. జావా భాషలో 2014 నుంచి ఒట్టి తేదీకి వేరే రకమే ఉందట. వాడుకోవడం తెలియాలి.

అర్ధరాత్రిని నమ్ముకోవడం ఎంత ప్రమాదమో వాడు చెప్పిన రెండు సంగతులు నాకు భలే నచ్చాయి. బ్రెజిల్‌లో 2019లో రద్దు చేసేదాకా ఏటా గడియారాలు ఒక గంట ముందుకు జరిపేవారు. జరిపేది సరిగ్గా అర్ధరాత్రి. పన్నెండు కొట్టగానే ఒంటిగంట. ఆ రోజుకు అర్ధరాత్రే లేదు, ఉన్నవి ఇరవై మూడు గంటలు. ‘రోజంతా అంటే అర్ధరాత్రి మొదలు’ అని రాసిన ప్రోగ్రాము అక్కడ దిక్కులు చూడవలసిందే. ఇక సమోవా దేశం తన తేదీని పశ్చిమం వైపు ఉన్న పొరుగువారితో కలుపుకోవడానికి 2011 డిసెంబరు 30ని ఏకంగా వదిలేసింది. అక్కడి జనం గురువారం పడుకుని శనివారం లేచారు. ఆ శుక్రవారం సెలవు పెట్టినవాళ్లకు సెలవు ఖర్చు రాయాలా వద్దా అని నాలోని గుమాస్తా రాత్రంతా ఆలోచించింది.

లెక్క వేస్తే, ఏ తేదీ అయినా భూమి మీద ఎక్కడో ఒకచోట మొత్తం యాభై గంటలు బతికి ఉంటుంది. ప్రమాణ కాలానికి 14 గంటలు ముందుండే కిరిబాటి దీవుల్లో మొదలై, 12 గంటలు వెనకుండే చోట ముగిసేసరికి అంత పడుతుంది.

కనుక అన్నిటినీ ఒట్టి తేదీలుగా దాచేస్తే సరిపోతుందని ఇక్కడ ముగించేదాన్నే. కానీ నా పని సెలవులతో. మా సహోద్యోగి ఒకరికి 10వ తేదీ ఒక్కరోజు సెలవంటే అది మా 10. పదిన్నర గంటలు వెనకున్న మా శాఖవాళ్లకు వాళ్ల 10వ తేదీ మీద పట్టీ కనిపిస్తుంది. వాళ్ల 10న మధ్యాహ్నం ఒకటిన్నర దాటితే మాకు 11 వచ్చేసి ఉంటుంది. మనిషి సెలవు అయిపోయినా వాళ్ల తెర మీద సెలవులోనే ఉంటాడు. దరఖాస్తుకు ఆఖరి తేదీ ఉందనుకోండి, అది ఎవరి అర్ధరాత్రి? ఇచ్చినవాళ్లదా, రాసేవాళ్లదా? ఇక్కడ ప్రాంతం తప్పకుండా ఉండాలి. పుట్టినరోజు మనిషితో తిరుగుతుంది, సెలవూ గడువూ ఒక చోటికి కట్టుబడి ఉంటాయి. ఇవి రెండు వేరు వేరు జాతులు. మూడింటినీ ‘రోజంతా’ అనే ఒక్క గడిలోకి తోసి, మనకేమీ చెప్పకుండా తనకు తోచిన అర్థం తీసుకోవడం మీదే నా ఫిర్యాదు.

ఆ మాట తెలుగులోకి వచ్చిన తీరు మీద కూడా నాకు పేచీ ఉంది. ‘పదో తేదీన పుట్టినరోజు’ అంటాం. ‘పదో తేదీ రోజంతా పుట్టినరోజు’ అని ఎవరైనా అంటారా? ‘రోజంతా’ అంటే మనకు తీరిక లేకపోవడం, పొద్దున నుంచి రాత్రి దాకా ఒకే పనిలో ఉండటం. ‘ఆ రోజున’ అంటే గుర్తు, అంతే. ఈ రెండు మాటలూ తెర మీద రెండు గడులుగా ఉంటే సగం గొడవ తీరేది. ఎందుకంటే క్యాలెండర్ లోపల కూడా ఆ తేడా ఉంది. ప్రతి నమోదుకూ ‘తీరిక ఉంది’, ‘తీరిక లేదు’ అనే చిన్న గుర్తు ఉంటుంది. ప్రమాణం ప్రకారం ఏమీ చెప్పకపోతే తీరిక లేదనే అర్థం. పెళ్లిరోజుకు ఇచ్చిన ఉదాహరణలో మాత్రం తీరిక ఉందని ప్రత్యేకంగా రాశారు. నేను వాడిన వాటిలో ఒకటి ‘రోజంతా’ అనగానే తనంతట తాను తీరిక ఉందని పెట్టేసింది. ఫలితంగా సెలవులో ఉన్నవాళ్లందరూ తీరికగా ఉన్నారని మీటింగు ఆహ్వానాలు వెళ్లాయి. ఇంకొకటి దీనికి ఎదురు. మా అధికారి తన బావమరిది పుట్టినరోజు రాసుకున్న పాపానికి ఆయన క్యాలెండర్ ఆ రోజు ఎవరి మీటింగునూ ఒప్పుకోలేదు. ఇది మాత్రం మేమెవరమూ ఆయనకు చెప్పలేదు.

రిమైండర్ల సంగతి ఒక్క మాటలో. బీమా కట్టవలసిన తేదీని రోజంతా అని పెట్టి, పావుగంట ముందు గుర్తుచేయమన్నాను. ముందురోజు రాత్రి పదకొండు నలభై అయిదుకు ఫోను మోగింది. అంత రాత్రివేళ ఫోను మోగితే గుండె ఎలా ఉంటుందో మీకు తెలుసు. తేదీకి మొదలు అర్ధరాత్రి కాబట్టి అక్కడి నుంచే లెక్కించాలని ప్రమాణమే చెబుతోంది. క్యాలెండర్ తప్పేమీ లేదు. ‘ముందురోజు పొద్దున తొమ్మిదికి’ అని పెట్టుకోవడం నేను ఆ రాత్రి నేర్చుకున్నాను.

ఫిబ్రవరి 29న పుట్టిన ఒక అమ్మాయి మా ఆఫీసులో ఉంది. ఏటా వచ్చేలా పెడితే ఆమె పేరు నాలుగేళ్లకు ఒకసారే కనిపిస్తుంది, లేని తేదీని వదిలేయమని నియమం. అలాంటప్పుడు ఒక రోజు వెనక్కో ముందుకో జరుపుకునే వెసులుబాటును 2015లో ప్రమాణానికి చేర్చారు. నేను వాడే క్యాలెండర్‌లో ఆ మీట కోసం వెతికి వెతికి విసుగొచ్చి, ఫిబ్రవరి 28న నేనే చేత్తో రాసిపెట్టాను.

నన్ను అడిగితే అసలు మందు 2021లో వచ్చిన ఇంకో ప్రమాణంలో ఉంది. జేఎస్‌క్యాలెండర్ అంటారు. అందులో ముగింపు తేదీయే రాయరు. మొదలు రాసి, ఎన్ని రోజులో రాస్తారు. గంటలు చూపించవద్దని ఒక గుర్తు విడిగా పెడతారు. ప్రాంతం కావాలంటే చేర్చవచ్చు, వద్దంటే వదిలేయవచ్చు. ‘పదో తేదీ నుంచి మూడు రోజులు’. మనం నోటితో చెప్పుకునే పద్ధతి ఇదే కదా! ఇందులో పన్నెండు గురించి ఎవరూ ఎవరినీ అడగనవసరం లేదు.

అందరి క్యాలెండర్లూ ఆ దారికి వచ్చేదాకా నేను చేయగలిగింది చేశాను. మా సెలవు చీటీలో ‘ఏ తేదీ వరకు’ అన్న గడి కొట్టేసి, దాని స్థానంలో రెండు పెట్టించాను. ఒకటి ‘సెలవులో ఆఖరి రోజు’, రెండోది ‘విధుల్లో చేరే రోజు’. రెండెందుకని అధికారి అడిగితే, ఒకటి మనుషులకు, ఒకటి కంప్యూటర్‌కు అని చెప్పాను. కంటి ఆపరేషన్ చేయించుకున్న ఆయన రెండో కంటికి సెలవు పెట్టినప్పుడు ఆ రెండు గడులూ నింపి, కింద ఎర్ర సిరాతో ‘ఫోను చేయవద్దు’ అని కూడా రాశారు.

చివరగా మీకూ ఒక విన్నపం. మీ పత్రిక మూడో పేజీలో వచ్చే ప్రకటనల్లో ‘దరఖాస్తులు 12వ తేదీ వరకు’, ‘ప్రదర్శన 12 వరకు’ అని వేస్తుంటారు. స్థలం తక్కువని తెలుసు. అయినా ‘12 కలుపుకొని’ అన్న మాటకు చోటు దొరుకుతుందేమో చూడగలరు. పోయిన నెల ఒక పుస్తక ప్రదర్శనకు ఆఖరి రోజు అనుకుని వెళ్లి, బల్లలు సర్దుతున్న కుర్రాళ్లను చూసి తిరిగి వచ్చాను.

ఇట్లు,
సెలవుల లెక్క చూసే ఒక పాఠకురాలు